పక్కకు తిరిగిన వంపు

తమ్ముడు కొట్టిన తెల్లబంతి మళ్ళీ రవ్వంత కుడికే జరిగింది. పూల్ బల్లకు ఆ చివరనున్న ఏడో నంబరు బంతి మూల జేబు అంచుకు తగిలి, పడనా మాననా అన్నట్టు ఒక్క క్షణం ఊగి, బయటే ఆగిపోయింది. హాల్లో జనం నోళ్ళు చప్పరించారు. ముందు వరుసలో వాడి అక్క, అందరూ చిత్రిక అక్క అనే మనిషి, కూర్చుని ఉంది. చేతిసంచి పట్టీని చూపుడువేలికి చుట్టి బిగిస్తూనే ఉంది. వేలి కొస పాలిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

"ఇదేంటి వదినా, ఈయనకివాళ చేతులు చల్లబడ్డాయా?" అంది పక్కనున్న మరదలు గొంతు తగ్గించి. "నిన్నటిదాకా ఇలాంటివి కళ్ళు మూసుకుని పడేశారు."

"ఉండవే, చూడనీ."

ఆమె చూస్తున్నది బంతిని కాదని మరదలికి తెలియదు. అక్క కళ్ళు తమ్ముడి చేతిలోని కర్ర మీదే ఉన్నాయి.

ఆ కర్ర అక్క చేసిందే. పూల్ ఆడేవాళ్ళకు క్యూ కర్రలు చేయడం వాళ్ళింటి పని. తండ్రి చేశాడు, తరవాత ఈమె అందుకుంది. ఇంటి ముందుగదిలో కిటికీ కింద పొడుగాటి పనిబల్ల, దాని మీద పిడి అరిగి నున్నబడ్డ చేతి చిత్రిక, గోడ పొడవునా మేకులకు నిలువుగా వేలాడే మేపుల్ చెట్టు కర్రలు. చెక్కను ఒక్క ఊపున చెక్కితే మొండికేస్తుంది. అందుకని కాస్త చెక్కి, కొన్ని నెలలు వేలాడదీసి, అది ఎటు తిరుగుతుందో కనిపెట్టి, మళ్ళీ కాస్త చెక్కాలి. ఒక కర్ర పూర్తయ్యేలోపు పక్కింటి పసిబిడ్డ నడక నేర్చుకుని వచ్చి ఆ కర్రల మధ్యే దోబూచులాడేది. చిత్రిక చప్పుడు వినబడితే ఆమె ఇంట్లో ఉన్నట్టు, వినబడకపోతే ఎవరి గుమ్మంలోనో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు లెక్క. వీధిలో ఆమెకు ఆ పేరు అలా స్థిరపడింది.

కర్ర కావాలని వచ్చినవాణ్ణి ఆమె దర్జీలా కొలిచేది. వంగమనేది, చెయ్యి చాపమనేది, ఊపిరి బిగబట్టమనేది. కొలుస్తున్నంతసేపూ పెళ్ళయిందా, అత్తగారితో పడుతోందా, ఇల్లు సొంతమా అద్దెదా అని అడుగుతూనే ఉండేది. కొత్తవాళ్ళు నీళ్ళు నమిలేవారు. "నీ పొడవు తెలిస్తే కర్ర పొడవు తెలుస్తుంది, నీ కాపురం తెలిస్తే దాని బరువు తెలుస్తుంది, చెప్పు," అనేది. అదెంత నిజమో ఎవరికీ తెలియదు గానీ, ఆ కర్రలు మాత్రం చేతిలో ఒదిగేవి.

టీవీలో పెద్ద పోటీ వస్తోందంటే ఇక ఇంటిల్లిపాదికీ వ్యాఖ్యానం ఆవిడదే. తెర మీద మాట్లాడేవాళ్ళ నోరు నొక్కేసి తను మొదలుపెట్టేది. ఆటగాళ్ళ చొక్కాల మీద కంపెనీల పేర్లు పెరిగి చేతుల్లో ఓపిక తగ్గిందనేది. ఒప్పందం మారినప్పుడల్లా కర్ర మారుస్తుంటే చేతికి దానితో చుట్టరికం ఎప్పుడు కుదురుతుందనేది. ఆడవాళ్ళ ఆటలు పొద్దున్నే పెడతారు, కుర్చీలు తుడిచేవాళ్ళు తప్ప ఒక్క మనిషి ఉండడు, ఆపైన ఆడవాళ్ళ ఆటకు జనం రావడం లేదని వాపోతారని తిట్టేది. చెక్కకు బదులు వచ్చిన, లోపల బోలుగా ఉండే కార్బన్ కర్రల మాట ఎత్తితే మరీను. "గొట్టంతో ఆడేవాణ్ణి ప్లంబరనాలి గానీ ఆటగాడంటారా?" అనేది. అన్నీ అయ్యాక చివర్న తప్పకుండా ఒక మాట వచ్చేది: "నా గదిలోంచి వంకర కర్ర గడప దాటదు."

ఆ మాట తమ్ముడు కూడా పట్టుకున్నాడు. గెలిచిన ప్రతిసారీ టీవీవాళ్ళ మైకు ముందు నవ్వుతూ, "మా అక్క చేసిన కర్ర, దారం పట్టి కొలిచినా తేడా రాదు," అని చెప్పేవాడు.

ఇవాళ ఆ తమ్ముడు ఓడిపోతున్నాడు. మామూలు ఓటమి అయితే ఇంటికెళ్ళి పడుకుని లేచేవాడే. పెద్ద పోటీల్లో ఆడే హక్కు ఏడాదికోసారి లెక్కగడతారు. పట్టికలో అడుగున ఉన్నవాళ్ళకు మరుసటి ఏడు చోటు ఉండదు. తమ్ముడు అడుగు అంచున ఉన్నాడు. ఈ ఆట గెలిస్తే ఉంటాడు, ఓడితే పోతాడు. నలభై దాటినవాడు మళ్ళీ క్లబ్బుల్లో పిల్లకాయలతో పోటీపడి పైకి రావడం కల్ల. పొద్దున కారెక్కుతూ భార్యతో అనేశాడు కూడా: "ఇవాళ పోతే కర్ర గోడకు తగిలించేస్తాను."

ఎదుటివాడు జుట్టుకు వెండిరంగు వేయించుకున్న పాతికేళ్ళ కుర్రాడు. చేతిలో నల్లటి కార్బన్ కర్ర, భుజాల నిండా కంపెనీల పేర్లు. తమ్ముడు వదిలేసిన ఏడో బంతిని, ఎనిమిదిని, తొమ్మిదిని వరసగా పడేశాడు. తొమ్మిదో బంతి పడేసినవాడిదే ఆట. మొత్తం మీద ముందు పదకొండు ఆటలు గెలిచినవాడు గెలిచినట్టు. వెండిజుట్టువాడికి అయిదొచ్చాయి, తమ్ముడికి రెండు.

అక్కకు ఎడమపక్క మార్కర్ తాత కూర్చున్నాడు. పాత క్లబ్బులో ఆయుష్షంతా ఆటల లెక్క రాసినవాడు. తమ్ముడి ఆట ఎక్కడున్నా వచ్చేవాడు.

"తాతా, ఒకటడుగుతా చెప్పు. ఇవాళ మావాడి బంతుల్లో ఒక్కటైనా ఎడమకి తప్పిందా?"

తాత గడ్డం గోక్కున్నాడు. "లేదమ్మాయ్. అన్నీ ఒకే వైపు. తెల్లబంతి కుడికి లాగేస్తోంది. అదీ దూరం బంతులకే, దగ్గరివి పడుతున్నాయి."

"భయం వల్లనంటావా?"

"భయపడ్డవాడు రెండు పక్కలా తప్పుతాడు. వీడికి భయం ఉన్నట్టు లేదు. వీడి చెయ్యి మంచిగానే ఉంది. మరేదో ఉంది."

అక్క మళ్ళీ కర్ర వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఎన్నేళ్ళుగానో గుర్తు రానిది.

తమ్ముడికి పెద్ద పోటీల్లో మొదటిసారి చోటు దొరికిన ఏడాది అది. తండ్రి మంచం పట్టి ఉన్నాడు. ఆయన తన చేత్తో ఎంచి, ఎండబెట్టి దాచుకున్న మేపుల్ కర్ర ఒక్కటే మిగిలింది. కొడుక్కి దానితోనే చేయమన్నాడు. అక్క చేసింది. ఆఖరి నునుపు పట్టి, పనిబల్ల మీద దొర్లించి చూసింది. దొర్లుతూ దొర్లుతూ ఒక్కచోట కర్ర కింద నుంచి వెలుతురు తొంగిచూసింది. ముందుముక్కలో, కొసకు జానెడు ఇవతల, వెంట్రుక వాసి వంపు. అన్ని నెలలు బుద్ధిగా వేలాడిన కర్ర, అంతా అయ్యాక తిరిగింది.

మర్నాడే ప్రయాణం. ఇంకో కర్ర లేదు. ఏం చేస్తుంది? క్యూ కర్ర రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో ఇత్తడి మర వేసి బిగిస్తారు. వంపు పైకో కిందికో ఉంటే గురికి నష్టం లేదు. పక్కకు ఉంటేనే తంటా. అందుకని అక్క ఆ మరను ఎంతో జాగ్రత్తగా కూర్చింది. వెనకముక్క మీద ఎముకతో చేసిన తెల్లటి చుక్క ఒకటి పొదిగి, "ఈ చుక్క ఎప్పుడూ పైకుండాలి, అలవాటు చేసుకో," అని తమ్ముడికి చెప్పింది. చుక్క పైకి ఉంటే వంపు సరిగ్గా కిందికి వస్తుంది. ఎవరి కంటికీ ఆనదు, ఏ బంతికీ తెలియదు. మరుసటి ఏడు కొత్తది చేసి మార్చేద్దామనుకుంది. మరుసటి ఏడు వాడు గెలవడం మొదలుపెట్టాడు. గెలుస్తున్నవాడి చేతిలోంచి కర్ర ఎలా లాక్కుంటుంది? పైగా వాడు టీవీలో ఆ మాటలు మొదలుపెట్టాడు. వీధిలో వాళ్ళొచ్చి మెచ్చుకోవడం, ఈమె తల ఊపడం, నలుగురికీ చెప్పీ చెప్పీ ఆ కర్ర తిన్ననిదేనని చివరికి తనే నమ్మేసింది.

నిన్న పొద్దున తమ్ముడు వచ్చి, బిగింపు దగ్గర టక్కుమంటోందన్నాడు. మర అరిగింది. లేత్ పనివాడి చేత కొత్త మర తీయించి అక్కే అమర్చింది. బయట కారు ఆగి ఉంది, వాడు గుమ్మంలో నిలబడి తాళాలు ఆడిస్తున్నాడు. సందు లేకుండా కూర్చుందా, కదులుతోందా అని చూసింది. కదల్లేదు. "పట్టుకుపో," అంది. వంపు ఎటు తిరిగి ఆగిందో చూడాలన్న ఆలోచనే రాలేదు. లేని వంపును ఎవరు చూస్తారు?

ఇప్పుడు కూర్చున్నచోటి నుంచే చూసింది. తమ్ముడు బల్ల మీదికి వంగినప్పుడు చుక్క పైకే ఉంది. కర్ర వెనక నుంచి చూస్తే గడియారంలో ఆరు దగ్గర ఉండాల్సిన వంపు ఎనిమిది దగ్గర ఆగి ఉండాలి. కొస ఎడమకు ఒరిగి ఉంటుంది. తెల్లబంతిని మధ్యలో కొట్టాననుకుని వాడు ఎడమ పక్కన కొడుతున్నాడు. అది కుడికి పారిపోతోంది.

ఆట మధ్యలో లేచి అరవడానికి లేదు. అరిస్తే బయటికి పంపుతారు. ఒకరికి ఆరొచ్చాకే విరామం ఇస్తారు. అంటే తమ్ముడు ఇంకో ఆట పోగొట్టుకోవాలి. తన తమ్ముడు త్వరగా ఓడితే బాగుండునని కోరుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది చిత్రిక అక్కకు. వాడేమో పట్టుదల మీదున్నాడు. ప్రతి బంతీ దగ్గర్లోనే దొరికేలా తెల్లబంతిని నిలుపుకుంటూ, చిన్న చిన్న దెబ్బలతో ఆ ఆట గెలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. మరదలు సంతోషంగా అక్క మోచెయ్యి నొక్కింది.

"ఎందుకు వదినా అలా ముడుచుకున్నావు? గెలిచారుగా."

"ఏసీ చలి," అంది అక్క.

ఆ తరవాతి ఆటలో వాడికి దూరం బంతి ఒక్కటే దిక్కయింది. కుడికి పోయింది. వెండిజుట్టువాడికి ఆరు వచ్చాయి, తమ్ముడికి మూడు. రిఫరీ విరామం చెప్పాడు.

ఆటగాళ్ళ గదివైపు ఎవరినీ పోనివ్వరు. అక్క టీ స్టాలు దగ్గర ఒక కప్పు పట్టుకుని, "ఆటగాడికి టీ," అంటూ కాపలావాడి పక్కనుంచి ఆగకుండా నడిచింది. వెనకే మరదలు. కాపలావాడు మరదలిని ఆపబోతే, "దాని దగ్గర పంచదార ఉంది," అంది అక్క వెనక్కి తిరగకుండానే.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు అద్దం, మూలన కుళాయి. తమ్ముడు ముఖం కడుక్కుంటున్నాడు. కర్ర బల్ల మీద ఉంది.

"ఇదేంటి, మీరిద్దరూ ఇలా ఊడిపడ్డారు? వెళ్ళండి, రిఫరీ చూస్తే గొడవ."

"ఆ కర్ర విప్పి ఇటివ్వు."

"ఆట మధ్యలో నా కర్ర ఎవరూ ముట్టుకోరని తెలుసుగా అక్కా."

"చేసినదాన్ని నేను."

"చేశావు, దండం పెడతా. ఇప్పుడు ముట్టుకోకు."

"ఒరేయ్, తప్పు నీ చేతిలో లేదు. కర్రలో ఉంది."

వాడు నవ్వాడు. తువ్వాలు ముఖానికి అద్దుకుంటూ, "నీ గదిలోంచి వంకర కర్ర గడప దాటదుగా," అన్నాడు.

"దాటింది. ఒక్కటే. అది నీదే."

తువ్వాలు వాడి ముఖం మీదే ఆగిపోయింది. కుళాయి కట్టలేదు, నీళ్ళు పోతూనే ఉన్నాయి. మరదలు వెళ్ళి కట్టింది.

అక్క చెప్పింది. నాన్న దాచిన చెక్క, ఆఖరి నునుపు, కింద తొంగిచూసిన వెలుతురు, తెల్ల చుక్క, కొత్త మర. దాయకుండా, నీళ్ళు నమలకుండా, ఎవరి గురించో చెబుతున్నట్టు గబగబా చెప్పేసింది. వాడు కుర్చీలో కూలబడ్డాడు.

"నాన్నకు తెలుసా?"

"మంచం మీదినుంచే చేత్తో తడిమి చూశాడు. ఏమీ అనలేదు. తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు."

"ఇన్నేళ్ళూ తప్పిన ప్రతి బంతీ నా తప్పే అనుకున్నాను," అన్నాడు వాడు. కోపంగా అనలేదు. అందుకే అక్కకు మరీ గుచ్చుకుంది.

"నీదే. వంపు కిందికున్నన్నాళ్ళూ అన్నీ నీ తప్పులే. ఇవాళ్టివి మాత్రం నావి."

"బయట స్టాల్లో కొత్త కర్రలు పెట్టారు," అంది మరదలు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. "ఒకటి తెచ్చేదా?"

"ఇప్పుడు కొత్తది పట్టుకుంటే పరాయివాళ్ళింట్లో పడుకున్నట్టే," అన్నాడు తమ్ముడు. బల్ల మీది కర్రను చేతిలోకి తీసుకున్నాడు. తరవాత విప్పి, రెండు ముక్కలూ అక్క ముందుకు తోశాడు. "బాగవుతుందా?"

"అవుతుందో లేదో చూడాలి."

అక్క గోడకున్న అద్దం దించి బల్ల మీద పడుకోబెట్టింది. ముందుముక్కను దాని మీద దొర్లించింది. వెలుతురు తొంగిచూసిన చోట పెన్సిలుతో గీత పెట్టింది. రెండు ముక్కలూ బిగించింది. గీత సరిగ్గా ఆమె అనుకున్నచోటే, ఎనిమిది దగ్గర ఆగింది. ఇంకాస్త తిరిగితే ఆరు దగ్గరికి వస్తుంది, కానీ మర బిగుసుకుపోతోంది. వెనకముక్క మూతికున్న ఇత్తడి కట్టు అడ్డం. దాన్ని రవ్వంత అరగదీస్తే మర ఇంకొంచెం లోపలికి తిరుగుతుంది. ఎక్కువ అరిగితే వంపు ఆరు దాటి అవతలి పక్కకు పోతుంది. పోయిన ఇత్తడి మళ్ళీ రాదు. ఏటవాలుగా అరిగితే సందు పడుతుంది, కర్ర గిలక్కాయలా మోగుతుంది.

ఎవరింటికి శుభకార్యానికి వెళ్ళినా ఆమె సంచిలో చిన్న ఆకురాయి, గరుకు కాగితం ఉంటాయి. అందుకు వీధిలో నవ్వేవాళ్ళు. ఆకురాయితో కట్టు మీద మూడు వైపులా సమంగా రాసింది. గరుకు కాగితం అద్దం మీద పరిచి, వెనకముక్కను నిట్టనిలువుగా పట్టుకుని, చక్రంలా తిప్పుతూ అరగదీసింది. ఇత్తడి పొడి కాగితం మీద పచ్చగా రాలింది. తుడిచింది, బిగించింది. గీత ఎనిమిదిని వదిలి కాస్త కదిలింది.

"వెలుతురు సరిపోవట్లేదు, ఆ ఫోను లైటు పట్టుకోరా."

తమ్ముడు పట్టుకున్నాడు. వాడి చెయ్యి నిలకడగా ఉంది. ఆమె మోచేతులు బల్లకు ఆనించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆకురాయి, కాగితం, తుడుపు, బిగింపు. ఏడు దాటింది.

తలుపు మీద రిఫరీ తట్టాడు. "సమయం దగ్గరపడింది."

"వస్తున్నా," అన్నాడు తమ్ముడు.

"మాట్లాడకు. వెలుతురు కదులుతోంది."

మళ్ళీ రాసింది. ఈసారి బిగిస్తే గీత ఆరుకు వెంట్రుక వాసి ఇవతల ఆగింది. అక్క ఆకురాయి ఎత్తింది. దించలేదు. ఇంకొక్క రాపిడితో సరిగ్గా కూర్చోవచ్చు, లేదా దాటిపోవచ్చు. మామూలుగా అయితే ఈ ఒక్క రాపిడికి ఆమె ఒక పూట తీసుకుంటుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తుంది, టీ తాగి వచ్చి మళ్ళీ చూస్తుంది.

తలుపు మీద మళ్ళీ తట్టారు.

"చాలక్కా," అన్నాడు తమ్ముడు.

"ఇంకా ఇంత ఉంది."

"గట్టిగా తిప్పితే వస్తుందా?"

"వస్తుంది. కానీ నిలవదు. ఆడేకొద్దీ వదులై వెనక్కి జారుతుంది. ప్రతి దెబ్బకూ ముందు చూసుకుని బిగించుకోవాలి. మర్చిపోయావో, మళ్ళీ కుడికే."

"బిగించుకుంటాను." కర్ర తీసుకుని పళ్ళ బిగువున తిప్పాడు. గీత ఆరు మీదికి వచ్చి కూర్చుంది. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నువ్వు ముందు వరుసలో కూర్చోకు. నిన్ను చూస్తే నాకు వంపే కనబడుతుంది."

ఆ మాట అక్క నిలబడే విన్నది. వాడు వెళ్ళాక కుర్చీలో కూర్చుంది.

మరదలు లోపలికి వెళ్ళింది. అక్క హాలు బయట వరండాలో, మూసిన తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తలుపుకు కంత లేదు, అద్దం లేదు. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా పూట గడవని మనిషికి, సొంత తమ్ముడి బతుకు తలుపు అవతల జరుగుతుంటే చూసే దారి లేకపోయింది.

అయితే చెవులున్నాయి. కార్బన్ కర్రతో కొడితే ఖాళీ డబ్బాను తట్టినట్టు పొడిగా వినబడుతుంది. మేపుల్ కర్రతో కొడితే బరువైన తలుపును వేలి కణుపుతో తట్టినట్టుంటుంది. డబ్బా మోగితే వెండిజుట్టువాడు. తలుపు మోగితే తమ్ముడు. దెబ్బ తరవాత బంతి జేబులో పడ్డ చప్పుడు వచ్చిందా లేదా అని వినాలి. అక్క కళ్ళు మూసుకుంది.

మొదట డబ్బాయే మోగింది, వరసగా. తరవాత తలుపు. పడింది. తలుపు. పడింది. తలుపు తలుపు తలుపు. చప్పట్లు.

చాలాసేపటికి మార్కర్ తాత బయటికి వచ్చాడు. "దూరం బంతులు కొడుతున్నాడమ్మాయ్," అన్నాడు. "ఎనిమిది ఎనిమిది. కానీ ఇదేం కొత్త రోగమో, ప్రతి దెబ్బకూ ముందు కర్ర పట్టుకుని మెలితిప్పుతున్నాడు. ఎదుటివాడికి ఒళ్ళు మండిపోతోంది. రిఫరీకి కూడా చెప్పాడు, కాలయాపన చేస్తున్నాడని."

"రిఫరీ ఏమన్నాడు?"

"త్వరగా కానివ్వమన్నాడు. ఇంకోసారి ఆలస్యమైతే వంతు పోతుందన్నాడు."

తాత అక్క ముఖం ఒకసారి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. తలుపు తెరుచుకున్నప్పుడు ఒక్క క్షణం బల్ల మీది పచ్చగుడ్డ కనిపించి మాయమైంది.

ఇక తమ్ముడికి ఇబ్బందే. బిగించుకుంటే వంతు పోతుంది, బిగించుకోకపోతే బంతి పోతుంది. అక్కకు తన చేతిలో ఎత్తి దించని ఆకురాయి గుర్తొచ్చింది. ఆ ఒక్క రాపిడి చేసి ఉంటే? దాటిపోయి ఉంటే?

డబ్బా. పడింది. డబ్బా. పడలేదు. తలుపు. పడింది. చప్పట్లు ఇటూ అటూ వచ్చాయి. మరదలు తలుపు సందులోంచి తల పెట్టి, "పదికి పది వదినా, ఇదే ఆఖరిది," అని అక్క చెయ్యి పట్టుకోబోయి, లోపలి నుంచి ఎవరో కసిరితే మళ్ళీ వెళ్ళిపోయింది.

ఆఖరి ఆటలో మొదటి దెబ్బ డబ్బాది. బంతులు చెల్లాచెదురైన చప్పుడు వరండా దాకా వచ్చింది. తరవాత డబ్బా మళ్ళీ మోగింది. పడింది. ఇంకోసారి. పడింది. అక్క వేళ్ళు కుర్చీ అంచును నొక్కాయి. ఇంకోసారి. ఈసారి పడ్డ చప్పుడు రాలేదు. హాల్లో గాలి పీల్చినట్టు ఒక శబ్దం వచ్చింది.

ఇప్పుడు తలుపు. పడింది. తలుపు. పడింది. ఒక్కో దెబ్బకూ మధ్య చిన్న విరామం ఉంది, మెలితిప్పడానికి సరిపడా. మళ్ళీ తలుపు. పడింది. ఇంకా మిగిలినవి రెండో మూడో. ఆమెకు లెక్క తప్పింది. తలుపు. పడింది.

ఆ తరవాత ఏమీ వినబడలేదు.

ఎందుకింత ఆలస్యం? బిగిస్తున్నాడా? మర జారిందా? రిఫరీ వంతు తీసేస్తాడేమో. బిగించకురా, కొట్టెయ్, అనుకుంది. వెంటనే, బిగించరా, బిగించుకునే కొట్టు, అనుకుంది. లోపల ఎవరో దగ్గారు. ఎవరో వాళ్ళను ఊరుకోమన్నారు.

బరువైన తలుపును ఒక్కసారి తట్టినట్టు.

బంతి పరుగెడుతున్న చప్పుడు బయటికి రాదు. కానీ అక్కకు వినబడుతున్నట్టే ఉంది. పొడుగు దారి. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు.

జేబు అడుగున బంతి పడింది. దాని వెనకే హాలంతా లేచింది.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. లోపల కుర్చీలు జరిగాయి, మైకులో ఎవరో ఏదో చెప్పారు, మరదలి నవ్వుతో కలిసిన ఏడుపు గొంతు అన్నిటి మీదా వినబడింది. తమ్ముడు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కర్ర ఇంకా విప్పలేదు.

"టీవీవాళ్ళేమన్నా అడిగారా?" అంది అక్క. గెలిచావా అని అడగాల్సిన పని లేదు.

"అడిగారు. ఆ మెలితిప్పుడేంటన్నారు."

"ఏం చెప్పావు?"

"కొత్త మర, ఇంకా కుదురుకోలేదన్నాను." వాడు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ముఖంలో నవ్వు లేదు, అలసట ఉంది. "ఇంటికెళ్ళగానే కొత్త కర్ర మొదలుపెడుతున్నావు."

"ఇప్పుడు మొదలుపెడితే పై ఏటికి గానీ అవదు."

"అవనీ. అందాకా దీంతోనే ఆడతాను. ఆటలు లేని రోజున వచ్చి నీ గదిలో కూర్చుంటా. ప్రతి చెక్కుడూ నా ఎదురుగానే జరగాలి. వంకరగా తిరిగితే తిరిగిన రోజే నాకు తెలియాలి."

"ఊరికే కూర్చోనివ్వను. పొట్టు ఊడవాలి."

"ఊడుస్తా."

"నీ పెళ్ళాం సంగతులన్నీ అడుగుతా."

"అవి ఇప్పుడే అడుగుతున్నావుగా," అన్నాడు వాడు. ఆ మాట దగ్గర మొదటిసారి గొంతు కాస్త మెత్తబడింది.

కర్ర విప్పబోయాడు. ఆఖరి దెబ్బకు ముందు ఎంత బలంగా తిప్పాడో, మర బిగుసుకుపోయి ఊడి రానంది. అరచేయి తుడుచుకుని మళ్ళీ తిప్పాడు. రాలేదు. అక్క ముందుకు వంగి రెండో కొస పట్టుకుంది. వాడు వాడివైపుకు, ఆమె ఆమెవైపుకు తిప్పారు.